హిల్డా ఆగ్డెన్‌గా 23 ఏళ్లు: జీన్ అలెగ్జాండర్ నటనను ఎలా అంచనా వేయాలి?

ప్రశ్న: తెరపరిశీలన

బ్రిటిష్ టెలివిజన్ చరిత్రను కొంత పద్ధతిగా చదువుకుంటున్న క్రమంలో జీన్ అలెగ్జాండర్ పేరు నాకు పదే పదే ఎదురవుతోంది. 1960 డిసెంబరు 9న ఐటీవీలో మొదలై ఇప్పటికీ సాగుతున్న ‘కొరొనేషన్ స్ట్రీట్’ సీరియల్‌లో ఆమె 1964 నుంచి 1987 వరకు హిల్డా ఆగ్డెన్ పాత్ర ధరించారు. వాయవ్య ఇంగ్లండ్‌లో ఉన్నట్టు కల్పించిన వెదర్‌ఫీల్డ్ అనే ఊళ్లో, రోవర్స్ రిటర్న్ అనే పబ్బులో ఊడ్చి తుడిచి బతుకు వెళ్లదీసే ఇల్లాలు హిల్డా. జుట్టుకు కర్లర్లు (జుట్టు ఉంగరాలు తిరిగేందుకు చుట్టి ఉంచే గొట్టాలు), వాటిమీద తలగుడ్డ, ఒంటిమీద ఏప్రన్, చెవులెప్పుడూ పక్కింటి గోడకే. ఇంత మామూలు మనిషి పాత్రను మెచ్చి 1979లో కొందరు ప్రముఖులు ఆమె పేరిట ఒక అభిమాన సంఘం పెట్టుకున్నారని, అందులో నటుడు లారెన్స్ ఒలివియే, కవి జాన్ బెట్జమన్ వంటివారు ఉన్నారని చదివినప్పుడు నాకు ఆశ్చర్యం కలిగింది. 1982లో జరిపిన ఒక సర్వేలో బ్రిటన్ ప్రజలు చూడగానే గుర్తుపట్టే స్త్రీలలో రాజమాత, రాణి, యువరాణి డయానాల తర్వాతి స్థానం హిల్డాదేనని కూడా తరచుగా రాస్తుంటారు.

నాకున్న సందేహం ఒక్కటే, కాని దానికి రెండు కొసలున్నాయి. ఒక నటి తన జీవితంలో ముప్పై ఏడో ఏట నుంచి అరవై ఒకటో ఏట వరకు, అంటే పరిణతి నిండుగా ఉన్న కాలమంతా, ఒకే పాత్రలో గడిపితే అది ఆమె ప్రతిభకు దక్కిన అదృష్టమా, ఆమె ప్రతిభ చుట్టూ కట్టిన గోడా? రెండోది, ఆమె గొప్పతనాన్ని మెచ్చుకునేవారు సాధారణంగా హిల్డా ఎంత హాస్యంగా ఉండేదో చెబుతారే తప్ప జీన్ అలెగ్జాండర్ ఏం చేసి ఆ పాత్రను నిలబెట్టారో చెప్పరు. ఆమె పనితనాన్ని దగ్గరగా గమనించినవారు ఎవరైనా వివరిస్తే కృతజ్ఞుణ్ణి.

జవాబు 1: రంగభూమి

ఆమె హిల్డాగా మారకముందు గడిచిన పదిహేనేళ్లను పక్కన పెడితే మీ ప్రశ్నలో దేనికీ జవాబు దొరకదు కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

ఆమె 1926 అక్టోబరు 11న లివర్‌పూల్‌లోని టాక్స్‌టెత్ ప్రాంతంలో పుట్టారు. అసలు పేరు జీన్ మార్గరెట్ హాడ్జ్‌కిన్సన్. చదువు ముగిశాక కొన్నేళ్లు గ్రంథాలయంలో సహాయకురాలిగా పనిచేశారు. పేరున్న నాటక విద్యాలయంలో శిక్షణ పొంది లండన్ రంగస్థలం మీదికి వెళ్లడం ఆ తరం నటుల్లో కొందరి దారి. ఆమెది ఆ దారి కాదు. 1949లో మాక్లెస్‌ఫీల్డ్‌లోని అడెల్ఫీ గిల్డ్ థియేటర్‌లో చేరి, ఆ తర్వాత ఓల్డం, స్టాక్‌పోర్ట్, యార్క్, సౌత్‌పోర్ట్ వంటి ఉత్తరాది పట్టణాల్లోని రెపర్టరీ నాటక సమాజాల్లో పనిచేశారు. నటించడం ఒక్కటే కాదు, దుస్తుల విభాగం చూసుకోవడం, తెర వెనుక స్టేజీ నిర్వహణ చేయడం కూడా ఆ కాలంలో ఆమె బాధ్యతలే.

రెపర్టరీ అంటే ఏమిటో తెలియనివారి కోసం కొంచెం వివరిస్తాను, ఎందుకంటే ఆమె నటనకు పునాది అక్కడే పడింది. చిన్న పట్టణాల్లోని ఈ సమాజాలు చాలావరకు వారానికో కొత్త నాటకం వేసేవి. సోమవారం మొదలైన నాటకం శనివారంతో ముగిసేది. సాయంత్రం ఈ వారం నాటకం ఆడుతూ, పగలు వచ్చే వారం నాటకానికి రిహార్సల్ చేస్తూ, రాత్రి ఇంటికి వెళ్లాక మర్నాటి అంకానికి సంభాషణలు బట్టీ పట్టాలి. ఒక వారం పనిమనిషి, ఇంకో వారం దొరసాని, ఆ పై వారం డెబ్బై ఏళ్ల ముసలమ్మ. పాత్ర గురించి తీరికగా ఆలోచించే వ్యవధి ఎవరికీ ఉండేది కాదు; మనిషిని పట్టి ఇచ్చే రెండు మూడు గుర్తులు, అంటే నడక, చేతి కదలిక, గొంతు స్థాయి, వీటిని చప్పున ఎంచుకుని, వారమంతా వాటిని తప్పకుండా నిలబెట్టుకోవాలి. ఇలా సంవత్సరాల తరబడి పనిచేసినవారికి అనవసరమైన చేష్ట ఒక్కటీ మిగలదు. జీన్ అలెగ్జాండర్ నటనలో కనిపించే పొదుపు అక్కడ అబ్బినదే అని నా నమ్మకం.

ఆమె 1960ల మొదట్లో టెలివిజన్‌కు వచ్చేనాటికి ఈ శిక్షణకు మంచి గిరాకీ ఉంది. గ్రనాడా సంస్థ మాంచెస్టర్‌లో తీస్తున్న ‘కొరొనేషన్ స్ట్రీట్’ వారానికి రెండు ఎపిసోడ్లు ప్రసారమయ్యేది. అప్పట్లో వీడియో టేపును కోసి అతికించడం ఖర్చుతో, శ్రమతో కూడిన పని కాబట్టి ఎపిసోడ్లను వీలైనంత వరకు ఆగకుండా, రంగస్థల నాటకంలాగే ఆడి రికార్డు చేసేవారు. మధ్యలో ఎవరైనా మాట మరిచిపోతే పక్కనున్నవారే ఆ దృశ్యాన్ని ఎలాగో ఒడ్డుకు చేర్చాలి. నిర్మాతలు ఉత్తర ఇంగ్లండ్ రెపర్టరీ సమాజాల్లో రాటుదేలినవారిని వెతికి తెచ్చుకున్నారంటే యాస కోసం మాత్రమే కాదు, ఈ నిబ్బరం కోసం కూడా. ఆమె ఆ సీరియల్‌లో మొదట కనిపించింది హిల్డాగా కాదు. 1962లో, ఒక పసిబిడ్డను ఎత్తుకుపోయిన కథలో, ఇల్లు అద్దెకిచ్చే మిసెస్ వెబ్ అనే చిన్న పాత్రలో. రెండేళ్ల తర్వాత, 1964 జూలైలో, హిల్డాగా అదే వీధిలో 13వ నంబరు ఇంట్లో అడుగుపెట్టారు.

హిల్డా వేషం గురించి ఒక సంగతి చెప్పుకోవాలి. ఆ కర్లర్లు, తలగుడ్డ నవ్వు పుట్టించడానికి తగిలించినవి కావు. యుద్ధకాలంలో ఆయుధ కర్మాగారాలకు వెళ్లే శ్రామిక స్త్రీలు, సాయంత్రం ఎక్కడికైనా పిలుపొస్తే జుట్టు సిద్ధంగా ఉండాలని కర్లర్లు పెట్టుకుని, పైన గుడ్డ కట్టుకుని పనిచేసేవారు. ఆ పిలుపు ఎన్నటికీ రాదు, కర్లర్లు ఎన్నటికీ ఊడవు. తాను చూసిన ఆ స్త్రీలనే జీన్ అలెగ్జాండర్ హిల్డాలోకి తెచ్చుకున్నారు. ఇరవై ఏళ్ల క్రితం యుద్ధం ముగిసినా తలమీద ఇంకా ఆ కర్లర్లతోనే తిరుగుతున్న స్త్రీ అంటే, ఏదో మంచి రోజు వస్తుందని ఇంకా ఎదురుచూస్తున్న స్త్రీ అని అర్థం. ప్రేక్షకుడికి ఈ నేపథ్యం తెలియనక్కరలేదు, కాని నటికి తెలుసు. ఆ తెలిసినతనమే ఆ పాత్రను బొమ్మ కాకుండా కాపాడింది.

జవాబు 2: నిశ్శబ్దవీక్షణ

రంగభూమి గారు పునాది గురించి చెప్పారు. నేను ఒకే ఒక్క దృశ్యం గురించి రాస్తాను, ఎందుకంటే మీ రెండో ప్రశ్నకు, అంటే ఆమె అసలు ఏం చేశారు అన్నదానికి, అంతకన్నా మంచి జవాబు నాకు తెలియదు.

ముందు స్టాన్ గురించి. హిల్డా భర్త స్టాన్ ఆగ్డెన్‌గా నటించిన బెర్నార్డ్ యూయెన్స్ గతంలో గ్రనాడా సంస్థలోనే కార్యక్రమాలను పరిచయం చేసే వ్యాఖ్యాత. స్టాన్ భారీ మనిషి, సోమరి, బీరు ప్రియుడు. ఎన్నో ఉద్యోగాలు పోగొట్టుకుని చివరకు కిటికీ అద్దాలు తుడిచే పనిలో కుదురుకున్నవాడు. హిల్డా సన్నగా, పొట్టిగా, క్షణం నిలకడ లేకుండా ఉండేది. ఆయన కుర్చీలో కూర్చుని ఉంటే ఆమె చుట్టూ తిరుగుతూ సాధించేది. పిల్లలు వీళ్లను చూసి సిగ్గుపడి దూరమయ్యారు. కొడుకు ట్రెవర్ అయితే తన తల్లిదండ్రులు చనిపోయారనే అత్తింటివారికి చెప్పుకున్నాడు. ఆ ఇంట్లో గోడ నిండా పరుచుకున్న కొండల దృశ్యం, దాని మీద ఎగురుతున్నట్టు తగిలించిన మూడు బాతు బొమ్మలు, వాటిలో ఎప్పుడూ ఒకటి వంకరగా వేలాడడం బ్రిటిష్ ప్రేక్షకులకు తమ సొంత ఇంటి గోడ అంత పరిచయం. హిల్డా తన దారిద్ర్యాన్ని ఒప్పుకోదు. ఆ గోడ ఆమెకు గర్వకారణం.

యూయెన్స్ 1970ల నడుమ నుంచి అనారోగ్యంతో పోరాడుతూనే నటించారు. పక్షవాతం వచ్చి మాట దెబ్బతిన్నా కోలుకుని తిరిగి వచ్చారు. 1984 ఆగస్టులో ఆయన కన్నుమూశారు. రచయితలు ఆ పాత్రను మరొకరికి ఇవ్వకుండా, అదే ఏడాది నవంబరులో స్టాన్ ఆసుపత్రిలో మరణించినట్టు రాశారు. కాబట్టి హిల్డా భర్తను సాగనంపిన ఆ ఎపిసోడ్‌లో, జీన్ అలెగ్జాండర్ తనతో ఇరవై ఏళ్లు పక్కపక్కనే పనిచేసిన సహనటుణ్ణి కూడా సాగనంపుతున్నారు.

అంత్యక్రియలు అయిపోయాయి. వచ్చినవారు వెళ్లిపోయారు. ఆసుపత్రి వాళ్లు ఇచ్చిన స్టాన్ వస్తువుల పొట్లం ఒకటి ఇంట్లో ఉంది, గోధుమరంగు కాగితంలో చుట్టినది. అంతవరకు హిల్డా ఏడవలేదు. అందరి ముందూ నిటారుగా నిలబడింది, చేయాల్సిన పనులన్నీ చేసింది. ఇప్పుడు ఒంటరిగా ఆ పొట్లం విప్పుతుంది. లోపల బట్టలు. వాటి మధ్య కళ్లద్దాల పెట్టె. ఆ పెట్టె తెరిచి, అందులోని కళ్లద్దాలు చూసిన తర్వాత ఆమె నిగ్రహం తెగిపోతుంది, వెక్కి వెక్కి ఏడుస్తుంది. ఎపిసోడ్ అక్కడితో సరి.

ఈ దృశ్యంలో ఒక్క సంభాషణ కూడా లేదన్నది అందరూ చెప్పేదే. నేను గమనించమనేది ఏమిటంటే, ఇది హిల్డాకు మాటలు లేని దృశ్యం. ఇరవై ఏళ్లుగా నోరు మూయని మనిషి ఈమె. పని చేస్తూ పాడేది, అదీ కీచుగొంతుతో, పాడనప్పుడు మాట్లాడేది, మాట్లాడే తోడు లేకపోతే తనలో తానే గొణుక్కునేది. ఆ ఇంట్లో నిశ్శబ్దం ఎలా ఉంటుందో ప్రేక్షకుడు ఎన్నడూ వినలేదు. అందుకే పొట్లం కాగితం చప్పుడు తప్ప ఏదీ వినపడని ఆ కొద్ది క్షణాలు అంత బరువుగా తగులుతాయి. రెండో సంగతి ఆమె చేతులు. చూడగానే ఏడ్చేయాలన్న తొందర వాటిలో లేదు. ఇంటిపని చేసే స్త్రీ బట్టలు సర్దినట్టే సర్దుతాయి. దుఃఖం పని చేస్తున్న చేతులను నడిమధ్యలో పట్టుకుంటుంది. మూడోది, బట్టలు చూసినప్పుడు కాకుండా కళ్లద్దాలు చూసినప్పుడే ఆమె కూలిపోవడం. బట్టలు ఎవరివైనా కావచ్చు, కాని కళ్లద్దాలు ఒక మనిషి ముఖానివి. రాసినవారు ఆ వస్తువును ఎంచుకోవడం గొప్ప; దాని దాకా ఏమీ బయటపడకుండా ఆగగలగడం ఆమె గొప్ప.

తక్కువ స్థాయి నటి అయితే పొట్లం వైపు చూసిన తొలి క్షణంలోనే మనకు జరగబోయేది చెప్పేసేది. 1985లో రాయల్ టెలివిజన్ సొసైటీ ఆమెకు ఉత్తమ నటన పురస్కారం ఇచ్చింది. సాయంత్రం సీరియళ్లను తీవ్రంగా పట్టించుకోని విమర్శకులు కూడా ఆనాడు ఆ దృశ్యం గురించి రాయక తప్పలేదు.

మీ మొదటి ప్రశ్నకు కూడా ఇందులోనే జవాబు ఉందనుకుంటాను. ఇదే దృశ్యాన్ని ఇంతే నైపుణ్యంతో రెండు గంటల సినిమాలో నటించినా ఈ ఫలితం రాదు. ఎందుకంటే ఆ కళ్లద్దాల వెనక ఇరవై ఏళ్ల సాధింపులు, అలకలు, రాజీలు ఉన్నాయి. వాటిని ప్రేక్షకుడు వారానికి రెండుసార్లు తన ఇంట్లో కూర్చుని చూశాడు. దీర్ఘకాలం ఒకే పాత్రలో ఉండడం నటికి ఇచ్చే వనరు ఇదే. దాన్ని వాడుకోగలిగినవారు అరుదు.

జవాబు 3: ఉత్తరదృష్టి

పై ఇద్దరి వ్యాఖ్యలూ శ్రద్ధగా చదివాను. ఆ దృశ్యం విషయంలో నాకు అభిప్రాయ భేదం లేదు. కాని మొత్తం చిత్రం ఇంత నిర్మలంగా ఉందని నేను ఒప్పుకోలేను.

మొదటిది, ప్రజాదరణ అంకెల గురించి. 1987 క్రిస్మస్ రోజున హిల్డా వీధి వదిలి వెళ్లిన ఎపిసోడ్‌ను, దాని పునఃప్రసారంతో కలిపి, 2 కోట్ల 60 లక్షలకు పైగా ప్రేక్షకులు చూశారన్నది తరచుగా ఉదహరించే లెక్క. అది అసాధారణమైన సంఖ్యే. అయితే ఆనాటి బ్రిటన్‌లో ఇంటింటా వచ్చే ఛానెళ్లు నాలుగే. అంతకు ముందటి ఏడాది క్రిస్మస్‌కు బీబీసీ వారి ‘ఈస్ట్ఎండర్స్’ 3 కోట్లు దాటింది. కాబట్టి ఈ సంఖ్యలతో నటన విలువ తూచడం సరికాదు. అభిమాన సంఘాలు, సర్వేలు కూడా ఇంతే. అవి హిల్డా ఎంత పరిచితురాలో చెబుతాయి, జీన్ అలెగ్జాండర్ ఎంత మంచి నటో చెప్పవు.

రెండోది, నాకు మరింత ముఖ్యమైనది. శ్రామిక వర్గపు స్త్రీని వదరుబోతుగా, చాడీలు మోసే మనిషిగా, తన అభిరుచి ఎంత నాసిరకమో తెలియని మనిషిగా చూపించి నవ్వించడం బ్రిటిష్ హాస్యంలో పాత అలవాటు. హిల్డా పాత్ర రాతలో ఆ అలవాటు చాలా చోట్ల ఉంది. గోడమీది కొండల బొమ్మను చూసి చదువుకున్న ప్రేక్షకుడు నవ్వుతున్నాడంటే తనకు అంతకన్నా మంచి అభిరుచి ఉందని నవ్వుతున్నాడు. ప్రముఖులు పెట్టుకున్న అభిమాన సంఘంలో తమకన్నా తక్కువవారిని ముద్దు చేసే ఆ ధోరణి కొంత ఉందేమోనని నాకు ఎప్పుడూ అనుమానం.

అయినా ఒకటి ఒప్పుకుంటాను. రాతలో ఉన్న ఆ చులకన ఆమె నటనలో లేదు. జీన్ అలెగ్జాండర్ హిల్డాను ఎన్నడూ పై నుంచి చూడలేదు. హిల్డాకు తన గోడ అందంగానే కనిపిస్తుంది, తన గొంతు వినసొంపుగానే ఉంటుంది, తన గౌరవానికి భంగం కలిగినప్పుడు నిజంగానే గాయపడుతుంది. నటి ప్రేక్షకుడి వైపు తిరిగి కన్నుగీటి, ‘చూశారా, ఈమె ఎంత వెర్రిదో’ అని సైగ చేయడం ఎంతో సులువు, నవ్వులూ ఎక్కువ వస్తాయి. ఆమె ఆ పని చేయలేదు. అందువల్లే 1984లో ఆమె ఏడ్చినప్పుడు, అంతవరకు నవ్విన ప్రేక్షకులు సిగ్గుపడాల్సిన అవసరం లేకుండా ఆమెతో ఏడవగలిగారు.

తెరపరిశీలన:

ముగ్గురికీ కృతజ్ఞతలు. ఉత్తరదృష్టి గారు లేవనెత్తిన రాతకూ నటనకూ మధ్య తేడా నేను ఆలోచించని కోణం. మరి ఇంకొక్క మాట అడుగుతాను. కథలో స్టాన్ పోయిన తర్వాత కూడా జీన్ అలెగ్జాండర్ మూడేళ్లు అదే పాత్రలో కొనసాగి, సీరియల్‌కు ఇంకా ఎంతో ఆదరణ ఉన్నప్పుడే 1987లో ఎందుకు విరమించుకున్నారు? ఆ తర్వాతి జీవితంలో హిల్డా నీడ నుంచి ఆమె బయటపడగలిగారా?

జవాబు 4: పాతసంచిక

ఆ కాలంలో సీరియల్ ఎలాంటి పరిస్థితిలో ఉందో ముందు గుర్తుచేస్తాను. మొదటి ఎపిసోడ్ నుంచి ఉన్న పెద్ద స్తంభాలు ఒక్కొక్కటిగా వెళ్లిపోతున్న రోజులవి. ఎనా షార్పుల్స్‌గా నటించిన వయొలెట్ కార్సన్ 1980లో చివరిసారి కనిపించి 1983లో చనిపోయారు. పబ్బు యజమానురాలు ఆనీ వాకర్‌గా చేసిన డోరిస్ స్పీడ్ 1983లో తప్పుకున్నారు. ఎల్సీ టానర్‌గా ప్రసిద్ధురాలైన పాట్ ఫీనిక్స్ 1984 మొదట్లో వెళ్లిపోయారు. ఆ ఏడాదే స్టాన్ పోయాడు. 1985 ఫిబ్రవరిలో ‘ఈస్ట్ఎండర్స్’ మొదలై పోటీ తీవ్రమైంది. ఈ స్థితిలో వీధిలో మిగిలిన పాత తరం భారంలో పెద్ద వాటా హిల్డా మీద పడింది. ఆ మూడేళ్లూ ఆమె విధవరాలి దైన్యాన్ని పట్టుకుని వేలాడలేదన్నది గమనించాలి. హిల్డా అద్దెకు మనుషులను పెట్టుకుంది, పని చేసుకుంది, పాత నోటి దురుసు మానలేదు, కాని ఇంట్లో ఎదురు మాట్లాడేవారు లేని లోటు ప్రతి దృశ్యంలో వినిపించేది. నన్నడిగితే ఆమె నటనలో అతి తక్కువగా చర్చకు వచ్చి, అతి ఎక్కువగా నేర్పేది ఈ మూడేళ్ల పనే.

ఆమె విరమణకు పెద్ద గొడవేదీ కారణం కాదు. అరవై దాటాయి, ఇరవై మూడేళ్లుగా ప్రతి వారం సంభాషణలు బట్టీ పడుతూ మాంచెస్టర్ స్టూడియోకు వెళ్లివస్తున్నారు. ఒంట్లో ఓపిక ఉండగానే వేరే పనులు చేయాలని, తన సమయం తన చేతిలో ఉండాలని అనుకున్నారు. రచయితలు హిల్డాకు మరణం రాయకుండా మంచి దారి చూపించారు: డాక్టర్ లోథర్ అనే వైద్యుడి ఇంట్లో హౌస్‌కీపర్‌గా డెర్బీషైర్‌లోని హార్టింగ్టన్ గ్రామానికి వెళ్లడం. క్రిస్మస్ రాత్రి రోవర్స్ రిటర్న్‌లో అందరూ చేరి వీడ్కోలు చెబుతుంటే, ఆమె గ్రేసీ ఫీల్డ్స్ ప్రసిద్ధి చేసిన యుద్ధకాలపు వీడ్కోలు పాట పాడుతుంది. ఇరవై మూడేళ్లుగా ఎవరూ వినలేక చెవులు మూసుకున్న ఆ కీచుగొంతును ఆ రాత్రి పబ్బంతా నిలబడి వింటుంది. 1988లో బాఫ్టా (బ్రిటిష్ సినిమా, టెలివిజన్ అకాడమీ) పురస్కారాల ఉత్తమ నటి విభాగంలో ఆమెకు నామినేషన్ వచ్చింది. పురస్కారం ఎమ్మా థాంప్సన్‌కు దక్కింది, కాని సాయంత్రం సీరియల్ నటి ఆ జాబితాలోకి ఎక్కడమే ఆనాడు చిన్న విషయం కాదు.

ఆ తర్వాతి సంగతి. 1989లో ఆమె 1960ల నాటి బ్రిటిష్ రాజకీయ కుంభకోణం మీద తీసిన ‘స్కాండల్’ అనే సినిమాలో, ఆ కుంభకోణానికి కేంద్రమైన క్రిస్టీన్ కీలర్ తల్లిగా కొద్దిసేపు కనిపించారు. అదే ఏడాది ఆత్మకథ వెలువడింది. అంతకన్నా ముఖ్యమైనది బీబీసీ హాస్య ధారావాహిక ‘లాస్ట్ ఆఫ్ ది సమ్మర్ వైన్’. రాయ్ క్లార్క్ రాసిన ఆ ధారావాహికను యార్క్‌షైర్‌లోని హోంఫర్త్ పరిసరాల్లో తీశారు. 1973లో మొదలై 2010 వరకు నడిచింది. అందులో ఆమె 1988 చివర్లో ఆంటీ వెయిన్‌రైట్‌గా అతిథిలా ప్రవేశించి, 1992 నుంచి స్థిరమైన పాత్రగా మారి, చివరి వరకు ఉన్నారు. పాత సామాన్ల దుకాణం నడిపే ముసలమ్మ ఆమె. కొట్లో అడుగుపెట్టినవాడు ఎందుకూ పనికిరాని వస్తువు ఒకటి కొనకుండా బయటపడడం అసంభవం.

ఈ రెండు పాత్రలనూ పక్కపక్కన పెట్టి చూస్తే మీ సందేహానికి నేరుగా జవాబు దొరుకుతుంది. హిల్డా లోకం చేతిలో మోసపోయే మనిషి; ఆంటీ వెయిన్‌రైట్ లోకాన్ని మోసం చేసే మనిషి. హిల్డా గొంతు పైకి లేచి పగిలిపోతుంది. ఈమె గొంతు మెత్తగా, తేనె పూసినట్టుగా, కొనేవాడి జేబు దాకా పాకుతుంది. హిల్డా ఒకచోట నిలవలేక తిరుగుతూ ఉంటుంది. ఈమె కదలదు, చీకటి మూల నుంచి హఠాత్తుగా మాట వినిపిస్తుంది, కొనేవాడే ఉలిక్కిపడతాడు. ఇంతటి తేడాను ఒకే నటి, ఇరవై మూడేళ్ల అలవాటు ఒంట్లో ఇంకిపోయాక కూడా, చూపగలిగారంటే రంగభూమి గారు చెప్పిన రెపర్టరీ శిక్షణ ఆమెలో చెక్కుచెదరలేదని అర్థం. కాబట్టి గోడ అన్న మాట నేను వాడను. అయితే నష్టం అసలు లేదని కూడా అనలేను: నలభైల్లో, యాభైల్లో ఆమె రంగస్థలం మీద చేయగలిగి ఉండి చేయని పెద్ద పాత్రలు తప్పకుండా ఉన్నాయి. ఆ లోటు నిజం.

ఆమె పెళ్లి చేసుకోలేదు. సౌత్‌పోర్ట్‌లో ఆర్భాటం లేకుండా జీవించారు, ప్రచారానికి దూరంగా ఉన్నారు. తొంభయ్యో పుట్టినరోజు జరిగిన మూడు రోజులకు, 2016 అక్టోబరు 14న, కన్నుమూశారు.

మీరు ఆమె పనిని క్రమంగా చూడాలనుకుంటే ఒక సలహా. కళ్లద్దాల దృశ్యంతో మొదలుపెట్టవద్దు. దాన్ని విడిగా చూస్తే మంచి ఏడుపు దృశ్యంగా మాత్రమే కనిపిస్తుంది. ముందు 1970ల నాటి ఎపిసోడ్లు కొన్ని, స్టాన్, హిల్డా, వాళ్ల స్నేహితుడు ఎడ్డీ యేట్స్ (తర్వాత వాళ్లింట్లోనే అద్దెకు చేరాడు) ముగ్గురూ ఉన్నవి, వరుసగా చూడండి. యూయెన్స్ ఎంత నెమ్మదిగా, ఆమె ఎంత వేగంగా మాట్లాడతారో, ఆయన ఒక్క మూలుగుకు ఆమె ఎన్ని రకాలుగా స్పందిస్తారో చెవికి పట్టాక 1984 నవంబరుకు వెళ్లండి. ఆ తర్వాత 1987 క్రిస్మస్, చివరగా ఆంటీ వెయిన్‌రైట్.

తెరపరిశీలన:

ఈ వరుసలోనే చూస్తాను. 1984 తర్వాతి మూడేళ్ల ఎపిసోడ్లను కూడా ప్రత్యేకంగా గమనిస్తాను, వాటి గురించి నేను చదివిన వ్యాసాల్లో ఎక్కడా ప్రస్తావన లేదు. స్టాన్ లేని ఆ ఇంట్లో హిల్డా మాట వేగం మారిందా అన్నది నాకు ఇప్పుడు అన్నిటికన్నా ఆసక్తిగా ఉంది.

నిశ్శబ్దవీక్షణ:

వేగం మారలేదనే నా గమనిక, వాక్యాల చివర్లు మారాయి. పూర్వం ఆమె మాట ముగిసేలోపే స్టాన్ మూలుగు అడ్డం వచ్చేది కాబట్టి చివరి పదాన్ని గట్టిగా విసిరేవారు. 1985 తర్వాత ఆ చివరి పదాలు చాలాసార్లు కిందికి జారిపోతాయి, అందుకునేవారు లేనట్టు. వంటింట్లో ఒంటరిగా ఉన్న దృశ్యాల్లో ఇది స్పష్టంగా వినిపిస్తుంది, అక్కడి నుంచి చూడండి.